ఆకాశంలో పిండి తోసే చెయ్యి



ధనుర్మాసం కదా, ఈ వారం అరిసెల పాకం గురించి రాద్దామనే కూర్చున్నాను. పాకం వచ్చే వారానికి వాయిదా వేసుకుందాం. అంతకన్నా ముందు చెప్పుకోవలసిన సంగతి ఒకటి వచ్చిపడింది.

ఈమధ్య మా ఉప్మాకలో నలుగురు ఆడవాళ్ళు కలిస్తే ఒకటే మాట. "ఏటి వదినా, ఆకాశంలో పేద్ద నల్లగొయ్యి ఒకటుందట, చుక్కల్నే మింగేస్తాదట, రేపో మాపో మన భూమిని కూడా లాగేసుకుంటాదట గదా!" ఎవరో ఫోనులో పంపిన వీడియో చూసి పుట్టిన మాట ఇది. పెద్దవాళ్ళం మనం అనుకుని మర్చిపోతాం. పిల్లలు అలా కాదు. మా వీధిలో ఐదో తరగతి చదివే పిల్ల ఒకతి ఆ బొమ్మలు చూసి రెండు రాత్రులు దీపం ఆర్పనివ్వలేదట. వాళ్ళమ్మ "నోర్ముయ్, అలాటివేం లేవు, పడుకో" అని కసిరేసింది. నిద్ర చెడిన తల్లి అంతకన్నా ఏమంటుంది లెండి. కానీ లేవు అంటే ఎలా? ఉన్నాయి. రేపు సైన్సు పుస్తకంలో ఆ పిల్లే చదువుకుంటుంది. అప్పుడు అమ్మ మాట మీద నమ్మకం పోతుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది.

ఈ భయం కొత్తది కూడా కాదు. 2008 సెప్టెంబరులో జెనీవా దగ్గర నేల అడుగున 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల యంత్రం ఒకటి మొదలుపెట్టారు. అందులో కృష్ణబిలం పుట్టి భూమిని మింగేస్తుందని టీవీ చానళ్ళు పొద్దస్తమానం ఊదరగొట్టాయి. మనం అన్నాలు వండుకున్నాం, తిన్నాం, పడుకున్నాం, తెల్లారింది. అలా భయపెట్టిన చానళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు.

అందుకని ఈ వారం ఒకే ఒక్క కృష్ణబిలాన్ని తీసుకుని దాని కథ చెప్పుకుందాం. అది ఎక్కడుంది, ఎంతుంది, ఏం తింటుంది, దానికి వడ్డించేదెవరు అన్నది తెలిస్తే మింగడం మాట దానంతటదే తేలిపోతుంది.

ఇది ఉన్న ఇంటి పేరు ఎన్‌జీసీ 1365. రేషన్ కార్డు నెంబరులా ఉందని నవ్వకండి. ఆకాశంలో మసకగా కనబడే వాటన్నిటికీ 1888లో ఒక పెద్ద పట్టిక వేశారు, అందులో ఇది 1365వది. ఇది చుక్క కాదు, గెలాక్సీ. అంటే మన సూర్యుడి లాంటి నక్షత్రాలు వేల కోట్ల కొద్దీ కలిసి ఉన్న పెద్ద ఊరు. మనం ఉన్న ఊరు పాలపుంత. అది మరో ఊరు. దాన్ని మొదట చూసింది 1826లో జేమ్స్ డన్‌లప్ అనే స్కాట్లండ్ ఆయన, ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర పరమట్టా అనే చోటి నుంచి. అది ఉన్న తారల గుంపుకి ఫోర్నాక్స్ అని పేరు. 1750ల్లో లకాయ్ అనే ఫ్రెంచి ఆయన ఆఫ్రికా దక్షిణపు కొసకి వెళ్ళి, అక్కడ కనబడే నక్షత్రాలని గుంపులుగా చేసి, ఈ గుంపుకి కొలిమి అని అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టాడు. దేవుళ్ళ పేర్లూ జంతువుల పేర్లూ అప్పటికే అయిపోయినట్టున్నాయి పాపం, పొయ్యి దాకా వచ్చాడు. మనకి మాత్రం పొయ్యి చుట్టమే.

దాని ఆకారం ముగ్గు వేసే చేతులకి చెప్పడం తేలిక. వాకిట్లో నడిమధ్య ఒక లావుపాటి అడ్డగీత గియ్యండి. ఆ గీత ఒక కొస నుంచి పిండి వదులుతూ ఒక పెద్ద వంపు తిప్పండి. రెండో కొస నుంచి ఇంకో వంపు, మొదటిదానికి ఎదురుగా. అంతే, ఎన్‌జీసీ 1365 అచ్చం అలాగే ఉంటుంది. పుస్తకాల్లో దీన్ని కడ్డీ ఉన్న సర్పిలాకార గెలాక్సీ అంటారు. ఆ అడ్డగీతే కడ్డీ. ఆ కడ్డీ, ఆ వంపులు అన్నీ నక్షత్రాలూ, వాయువూ, ధూళీనే. ఈ కొస నుంచి ఆ కొసకి మొత్తం వెడల్పు సుమారు 2 లక్షల కాంతి సంవత్సరాలు. అంటే మన పాలపుంతకి ఇంచుమించు రెట్టింపు.

కాంతి సంవత్సరం అంటే కాలం కాదు, దూరం. వెలుగు సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. సూర్యుడి దగ్గర బయల్దేరిన ఎండ మన దాబా మీద ఆరబెట్టిన వడియాల మీద పడడానికి 8 నిమిషాల పైచిలుకు పడుతుంది, పొయ్యి మీద పెట్టిన పాలు పొంగేంత సేపన్నమాట. అదే వెలుగు ఏడాది పొడుగునా ఆగకుండా పోతే ఎంత దూరమో అది కాంతి సంవత్సరం. ఎన్‌జీసీ 1365 మనకి సుమారు 6 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది.

6 కోట్లు అనేస్తే అంకె తప్ప మనసుకి ఏమీ అందదు. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో నల్లరాయి తీస్తారు, చూసే ఉంటారు. ఇళ్ళ శ్లాబుల్లో కలపడానికీ, రోడ్డు మీద పరచడానికీ ఆ రాయిని కంకర కొడతారు. ఒకప్పుడు దక్కను ప్రాంతంలో నేల చీలి పొంగిన లావా అంత దూరం వచ్చి గట్టిపడి ఆ రాయి అయింది. దాని వయసు సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళు. ఆ లావా చల్లారి రాయిగా మారిన కొన్నాళ్ళకి ఆ గెలాక్సీలో బయల్దేరిన వెలుగు, దారిలో ఎక్కడా ఆగకుండా వచ్చి, ఇప్పుడు మన కంటికి చేరుతోంది. 2012 అక్టోబరులో ఆ గెలాక్సీలో ఒక నక్షత్రం పేలిపోవడం ఇక్కడివాళ్ళు చూశారు. 1957లో, 1983లో, 2001లో కూడా అలాంటి పేలుళ్ళు అందులో కనబడ్డాయి. చూసింది మన రోజుల్లోనే గానీ అవి జరిగి సుమారు 6 కోట్ల ఏళ్ళు అయిపోయింది.

మరి అంత దూరాన్ని కొలిచిందెవరు, ఏ టేపు పెట్టి కొలిచారు? ఇక్కడ ఒక ఆడమనిషి గురించి చెప్పాలి. కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళలో చాలామంది ఆవిడ పేరైనా విని ఉండరు.

హెన్రియెట్టా లీవిట్. 1868లో అమెరికాలో పుట్టింది. చెవులు సరిగా వినబడేవి కావు. హార్వర్డ్ అబ్జర్వేటరీలో అప్పట్లో ఆడవాళ్ళని లెక్కలు కట్టడానికి పెట్టుకునేవారు. రాత్రి టెలిస్కోపు దగ్గర కూర్చునేది మగవాళ్ళు. వాళ్ళు తీసిన గాజు ఫొటో పలకల్ని పగలు భూతద్దం పెట్టి చూసి, ఒక్కొక్క చుక్క వెలుగూ రాసిపెట్టేది ఆడవాళ్ళు. లీవిట్‌కి గంటకి 30 సెంట్లు కూలి. బియ్యంలో రాళ్ళు ఏరే ఓపిక ఉన్నవాళ్ళకి ఆ పని ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. అలా ఏరుతూ ఏరుతూ, వెలుగు హెచ్చుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాల్ని 2,400 దాకా కనిపెట్టింది. వాటిలో ఒక జాతి నక్షత్రాలకి ఒక పద్ధతి ఉందని గుర్తుపట్టింది. ఎంత నిదానంగా హెచ్చి తగ్గుతుందో, ఆ నక్షత్రం అసలు వెలుగు అంత ఎక్కువ. 1912లో 25 నక్షత్రాల లెక్కతో ఆ సంగతి అచ్చయింది. కింద సంతకం మాత్రం అబ్జర్వేటరీ డైరెక్టరుది. తయారుచేసింది మిస్ లీవిట్ అని మొదటి వాక్యంలో రాశాడు, అంతవరకు మెచ్చుకోవాలి.

దీని విలువ ఏమిటంటారా? రాత్రి దూరంగా ఒక దీపం కనబడిందనుకోండి. అది దగ్గరలో ఉన్న జీరో బల్బో, దూరాన ఉన్న వెయ్యి వాట్ల లైటో కళ్ళతో చూసి చెప్పలేం. దాని మీద ఎన్ని వాట్లో రాసుంటే, ఎంత మసగ్గా కనబడుతోందో చూసి దూరం లెక్క కట్టేయొచ్చు. లీవిట్ చేసింది అదే, నక్షత్రాల మీది వాట్లు చదవడం నేర్పింది. 1921లో ఆవిడ పోయింది. 1925లో స్వీడన్ నుంచి ఒక గొప్ప గణిత పండితుడు నోబెల్ బహుమతికి ఆవిడ పేరు సూచిద్దామని ఉత్తరం రాశాడు. ఆవిడ లేదన్న సంగతి ఆయనకి తెలీదు.

తర్వాత 1990ల్లో అంతరిక్షంలో ఉన్న హబుల్ టెలిస్కోపుతో చాలా గెలాక్సీల దూరాలు కొలిచారు. ఆ పెద్ద పనికి నాయకత్వం వహించిన వాళ్ళలో వెండీ ఫ్రీడ్‌మన్ ఒకరు, ఆవిడా ఆడమనిషే. ఆ పనిలో భాగంగానే ఎన్‌జీసీ 1365లో లీవిట్ జాతి నక్షత్రాల్ని సుమారు 50 పట్టుకుని దాని దూరం తేల్చారు. ఆ దూరం తేలకపోతే, ఇకమీద నేను చెప్పబోయే ఏ అంకెకీ పునాది ఉండేది కాదు.

ఇప్పుడు కడ్డీ దగ్గరికి వద్దాం. అసలు కథ అక్కడుంది.

ఆ గెలాక్సీ నడిబొడ్డున ఒక కృష్ణబిలం ఉంది. బరువు సుమారు 20 లక్షల సూర్యుళ్ళంత. దాని చుట్టుపక్కల బోలెడంత వాయువూ ధూళీ తిరుగుతున్నాయి. చుట్టూ అంత తిండి ఉంటే మింగేయడం ఎంతసేపు అనుకుంటాం. అక్కడే పొరబడతాం. తిరిగేది ఏదీ ఊరికే లోపలికి పడిపోదు. చంద్రుడు మన మీద పడుతున్నాడా? లేదు కదా, తిరుగుతున్నంత కాలం అలా తిరుగుతూనే ఉంటాడు. ఆ తిరిగే ఊపు తగ్గితే తప్ప ఏదీ మధ్యకి రాదు.

రుబ్బురోట్లో మినప్పిండి రుబ్బిన వాళ్ళకి ఇది బాగా తెలుసు. గ్రైండర్లు వచ్చాక పుట్టిన పిల్లలకి తెలీకపోవచ్చు. పొత్రం తిప్పుతుంటే పిండి ఏమవుతుంది? అంచులకి పోయి అతుక్కుంటుంది. దానంతట అది పొత్రం కిందకి రాదు. అందుకే కుడిచేత్తో పొత్రం తిప్పుతూ ఎడంచేత్తో పిండిని మధ్యకి తోస్తూ ఉంటాం. తోసే చెయ్యి లేకపోతే గంట తిప్పినా పప్పు పప్పులాగే ఉంటుంది. మా అమ్మమ్మ కాలంలో తిప్పే వాళ్ళొకరు, తోసే వాళ్ళొకరు ఉండేవారట. తోసేవాళ్ళకే నేర్పు ఎక్కువ కావాలి, చెయ్యి నలగకూడదు మరి.

ఎన్‌జీసీ 1365లో ఆ తోసే చెయ్యి కడ్డీయే. కడ్డీలో ఉన్న కోట్ల నక్షత్రాల బరువు, తిరుగుతున్న వాయువుని తన వైపు లాగి దాని దారి వంకర చేస్తుంది. వంకర దారుల్లో వచ్చిన వాయు మేఘాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. గుద్దుకున్న చోట ఊపు తగ్గుతుంది. ఊపు తగ్గిన వాయువు కడ్డీ వెంబడి లోపలికి జారుతుంది. ఫొటోల్లో కడ్డీ మీద నల్లటి ధూళి చారలు కనబడతాయి, ఆ జారే దారులు అవే. ఇదంతా ఎంత నిదానమో తెలుసా? ఆ గెలాక్సీ ఒక చుట్టు తిరగడానికి సుమారు 35 కోట్ల సంవత్సరాలు పడుతుందని లెక్క.

అలా జారిన వాయువంతా కృష్ణబిలం నోట్లో పడుతుందా అంటే, అదీ లేదు. నడిమధ్యకి రాకముందే ఒక వలయంలా పోగుపడుతుంది. అక్కడ చాలా భాగం కొత్త నక్షత్రాలుగా మారిపోతుంది. మింగేది అనుకుంటున్న చోటికి పక్కనే పురిటిల్లు ఉందన్నమాట. ఆ నక్షత్రాలన్నీ అయ్యాక మిగిలిన ఏ కొంచెమో ఇంకా లోపలికి చేరుతుంది. పెళ్ళివారందరూ తిన్నాక వంటవాడికి మిగిలినట్టు.

ఆ మిగిలిన కొంచెమే ఇంత గొడవ చేస్తోంది. కృష్ణబిలం చుట్టూ ఆ వాయువు పళ్ళెంలా పరుచుకుని సుడి తిరుగుతుంది. పొరలు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. తిరగలి విసిరితే పిండి వేడెక్కి వస్తుంది చూడండి, అలాగే ఇదీ వేడెక్కుతుంది. కాకపోతే ఆ వేడికి ఎక్స్‌రేలు పుడతాయి. సూర్యుడిలో ఒక కిలో హైడ్రోజన్ హీలియంగా మారితే అందులో 7 గ్రాములు వెలుగుగా మారతాయి. అదే ఒక కిలో పదార్థం కృష్ణబిలంలో పడేముందు సుమారు 100 గ్రాముల దాకా వెలుగవుతుంది. ఇంత పొదుపైన పొయ్యి ఇంకెక్కడా లేదు. అందుకే అలాంటి గెలాక్సీల నడిమధ్య ధగధగా మెరుస్తూ ఉంటుంది. 1943లో కార్ల్ సెయ్‌ఫర్ట్ అనే ఆయన ఇలా మధ్యలో మెరిసే గెలాక్సీల్ని వేరుచేసి చూపించాడు కనుక వాటిని సెయ్‌ఫర్ట్ గెలాక్సీలంటారు. మన 1365 ఆ కోవలోదే. చూశారా, నల్లగొయ్యి అనుకున్నదాని పక్కనే అంత వెలుగు. బిలం నలుపే, వెలిగేది మాత్రం దాని నోటికి ఇంకా అందని తిండి.

ఇక్కడ ఒక ముచ్చట. గ్రహణం వస్తే మనం ఊరగాయ జాడీల మీద దర్భలు వేస్తాం కదా. ఆ కృష్ణబిలానికీ గ్రహణం పట్టింది. 2006 ఏప్రిల్‌లో, మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ గారి పేరు పెట్టిన చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపుతో రెండు వారాల పాటు రెండ్రోజులకోసారి మొత్తం ఆరుసార్లు దాన్ని చూశారు. ఐదుసార్లు ఎక్స్‌రేలు కనబడ్డాయి. రెండోసారి చూసినప్పుడు మాత్రం మాయం! తర్వాత మళ్ళీ వచ్చేశాయి. ఒక వాయు మేఘం అడ్డంగా పోయిందన్నమాట. మేఘం ఎంత వేగంగా అడ్డుకుని ఎంత వేగంగా తప్పుకుందో చూసి, ఎక్స్‌రేలు వచ్చే ఆ పళ్ళెం ఎంత వెడల్పో లెక్క కట్టారు. సూర్యుడికీ భూమికీ మధ్య ఉన్న దూరానికి సుమారు 7 రెట్లు. 2 లక్షల కాంతి సంవత్సరాల గెలాక్సీలో అంతే! పెద్దచెరువులో ఆవగింజ అన్నా అది ఎక్కువే. ఏ టెలిస్కోపూ విడిగా చూపించలేనంత చిన్న వస్తువుని ఒక గ్రహణం కొలిచిపెట్టింది. గ్రహణాన్ని నేను తిట్టను ఇంక.

2013లో ఇంకో సంగతి తేలింది. రెండు ఎక్స్‌రే టెలిస్కోపులు, ఒకటి అమెరికాది, ఒకటి ఐరోపాది, కలిసి చూసిన వివరాలతో ఆ కృష్ణబిలం ఎంత జోరుగా తిరుగుతోందో కొలిచారు. ప్రకృతి ఒప్పుకునే హద్దుకి దగ్గరదాకా తిరుగుతోందట. ఇది ఎందుకు ముఖ్యమంటే, తిండి నలుమూలల నుంచీ కాస్త కాస్త పడి ఉంటే ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పి ఆ జోరు వచ్చేది కాదు. ఒకే వైపు తిరుగుతూ పద్ధతిగా వచ్చి పడిన తిండి వల్లే ఆ జోరు వస్తుంది. అంటే ఇష్టం వచ్చినట్టు దొరికింది దొరికినట్టు మింగే రాక్షసి కాదది. వేళకి, ఒక వరసలో వడ్డిస్తే తిన్నదన్నమాట.

ఇవన్నీ దొరలు చూసినవే, మనవాళ్ళు ఏం చేశారంటారేమో. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ రాకెట్ మీద ఆస్ట్రోశాట్ అనే ఉపగ్రహం వెళ్ళింది. నక్షత్రాలనీ గెలాక్సీలనీ చూడడానికే మన దేశం పంపిన మొదటిది అది. ఐదేళ్ళు పనిచేస్తే చాలనుకుంటే అంతకు మించి చేసింది. అందులో అతినీలలోహిత కాంతిని చూసే జంట టెలిస్కోపులున్నాయి. అవి ఎన్‌జీసీ 1365ని చూశాయి. నడిమధ్య వెలుగులో పురిటింటి నక్షత్రాలది ఎంత, కృష్ణబిలం పళ్ళెంది ఎంత అని విడదీయడానికి ఆ ఫొటోలు పనికొచ్చాయి. ఆ పరిశోధన 2023లో అచ్చయింది.

ఆకాశం చూసే అలవాటు మన ఉత్తరాంధ్రకి పాతదే. 1840లోనే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1892లో పోయేదాకా దాన్ని నడిపారు. అప్పటికి గెలాక్సీ అన్నమాటకి ఇప్పటి అర్థమే లేదు, అవన్నీ ఊరికే మసక మచ్చలు. అయినా కష్టపడి చూశారు.

ఇక ఆ పిల్లకి ఏం చెప్పాలి?

మొదటిది: కృష్ణబిలం వాక్యూమ్ క్లీనరులా లాగదు. దాని లాగుడు దాని బరువుని బట్టే ఉంటుంది, నలుపుని బట్టి కాదు. మన సూర్యుడి చోట సరిగ్గా అంతే బరువున్న కృష్ణబిలాన్ని పెట్టారనుకోండి. భూమి ఇప్పుడు తిరుగుతున్నట్టే తిరుగుతూ ఉంటుంది. చీకటి, చలి వచ్చేస్తాయి గానీ మింగడం మాత్రం జరగదు. అసలు మన సూర్యుడికి కృష్ణబిలం అయ్యేంత బరువే లేదు.

రెండోది: మన పాలపుంత మధ్యలో కూడా ఒకటి ఉంది. ఈ మాట దాచకండి. 40 లక్షల సూర్యుళ్ళంత బరువు, అంటే 1365లో ఉన్నదానికి రెట్టింపు. మనకి సుమారు 26 వేల కాంతి సంవత్సరాల దూరం. దాని చుట్టూ 16 ఏళ్ళకో చుట్టు తిరిగే నక్షత్రాన్ని ఏళ్ళ తరబడి వెంబడించి దాని బరువు తేల్చిన వాళ్ళలో ఆండ్రియా గెజ్ అనే ఆవిడ ఉన్నారు. 2020లో ఆవిడకి నోబెల్ వచ్చింది. భౌతికశాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న నాలుగో ఆడమనిషి. 2022 మేలో దాని ఫొటో కూడా అందరూ చూశారు. ఆ నక్షత్రం అంత దగ్గరగా తిరుగుతూ కూడా లోపల పడలేదు, ఎంచక్కా చుట్టు పూర్తి చేసుకుని వస్తోంది. అంత దూరంలో ఉన్న మనకేం భయం?

అంత పెద్దదై ఉండీ మనది నిశ్శబ్దంగా ఉంది. వడ్డన లేదు మరి. పాలపుంతకీ కడ్డీ ఉంది, అయితే తోసే చెయ్యి ఉన్నంత మాత్రాన పిండి నడిమధ్యకి చేరాలని లేదు. కడ్డీ ఉన్నా చల్లగా ఉన్న గెలాక్సీలు చాలా ఉన్నాయి, కడ్డీ లేకుండానే మెరిసేవీ ఉన్నాయి. ఆ చివరి అడుగు ఎప్పుడు ఎలా పడుతుందనేది శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్న సంగతే. నాకైతే ఇందులో భయం కన్నా జాలే ఎక్కువ కలుగుతుంది. అంత నోరూ ఉండి, ఎవరో తెచ్చి పెడితే తప్ప తినలేని మనిషిలా ఉంది దాని బతుకు.

చూడాలనుకునే వాళ్ళకి జాగా చెబుతాను. జనవరి మొదటి వారంలో రాత్రి 9 గంటలకి, గిన్నెలు సర్దేశాక దాబా ఎక్కి దక్షిణం వైపు నిలబడండి. తూర్పున పైకి గొల్లకావడి మూడు చుక్కలు కనబడతాయి. ఆగ్నేయంలో కిందుగా తళతళలాడేది అగస్త్య నక్షత్రం. నైరుతిలో కిందుగా ఇంకో పెద్ద చుక్క, పేరు ఎకర్నార్. ఆ రెంటి మధ్యన, నేలకీ నడినెత్తికీ సగం కన్నా కాస్త తక్కువ ఎత్తులో చూస్తే చుక్కలు పెద్దగా లేని ఖాళీ జాగా కనబడుతుంది. అదే లకాయ్ గారి పొయ్యి. 1365 అందులోనే ఉంది. వట్టి కళ్ళకి కనబడదు. టెలిస్కోపు ఉన్న మాష్టారు ఎవరైనా మీ పిల్లల బడికి వస్తే దాన్ని చూపించమని అడగండి. బూడిద రంగు మచ్చలా ఉంటుంది, ఫొటోలో ఉన్న రంగులు ఉండవు, పిల్లలకి ముందే చెప్పి ఉంచండి. డిసెంబరు మొదట్లో అయితే 11 గంటలకి, ఫిబ్రవరి మొదట్లో అయితే చీకటి పడగానే 7 గంటలకి అదే చోట ఉంటుంది. మా ఊళ్ళో గరుడాద్రి మీద వెంకన్న గుడి దీపాలూ, కాస్త దూరంగా హైవే లైట్లూ ఉన్నాయి గనక వాటికి వీపు పెట్టి ఓ పావుగంట చీకట్లో కళ్ళు అలవాటు చేసుకుంటే గానీ చిన్న చుక్కలు తెలియవు. శాలువా మర్చిపోకండి, మంచు పడుతుంది.